రావుగారి ఇంటిపేరు

వ్యాఖ్యానానికి తీసుకున్న వాక్యం: “రిసాలిలో తెలుగువాళ్లంటే రావులే, తరం మారేకొద్దీ రావులు పెరుగుతున్నారు.”

రిసాలిలో: భిలాయి ఉక్కు టౌన్‌షిప్పులో భాగం, ఈమధ్యే సొంత నగర నిగమ్ అయిన ఊరు. కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955లో కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూర్ వెళ్లే రైలుమార్గం అప్పటికే పాతికేళ్లనాటిది, 1931లో పూర్తయింది. పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగువాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం వైపువాళ్లు అంతమంది ఎందుకున్నారంటే ఆ పట్టాలను చూపిస్తే చాలు.

తెలుగువాళ్లంటే రావులే: ఇది అతిశయోక్తి. నాయుళ్లూ మూర్తులూ రెడ్లూ కూడా ఉన్నారు. సరైన లెక్క మాత్రం ఎవరూ చెప్పలేరు. మన జనగణనవాళ్లు పేర్లు రాసుకుంటారే గాని ఇంటిపేర్ల పట్టిక అచ్చువేయరు. అమెరికావాళ్లు వేస్తారు: 2010 లెక్కలో అక్కడ స్మిత్‌లు 24 లక్షల పైచిలుకు.

రావులు: అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ రావు ఇంటిపేరు కాదు. అప్పారావు, ఈశ్వరరావు, త్రినాథరావు అనే పేర్ల తోక. సొంతూళ్లో ఇంటిపేరు ముందుంటుంది, మనిషి పేరు తర్వాత వస్తుంది. హిందీ దరఖాస్తులో చివరి మాటే ఉపనామ్, అంటే ఇంటిపేరు. సాహు, వర్మ, యాదవ్, దేవాంగన్ అన్నీ చివరే ఉండే చోట రావు కూడా ఆ వరసలోదే అనుకున్నారు. అలా అనుకోవడంలో గుమాస్తా తప్పేమీ లేదు. ముందున్న ఇంటిపేరు ఒక పొడి అక్షరమై మిగిలింది. కర్మాగారంలో తోటి పనివాళ్లు అప్పారావును ‘రావ్‌జీ’ అన్నారు, ఆయన పలికాడు. కొడుకు బడి రిజిస్టరులో రవి రావు అయ్యాడు. పొడి అక్షరం కూడా పోయింది. మనవరాలు స్వాతి రావు. ఆడపిల్ల పేరు వెనక రావు అంటే శ్రీకాకుళంలో ముసలమ్మలు నవ్వుతారు. రిసాలిలో అది ఎవరికీ వింత కాదు.

ఇది ఒక్క భిలాయిలో జరిగిందీ కాదు. పాములపర్తి వెంకట నరసింహారావు ఇంగ్లిషు పత్రికలకు ఒట్టి రావు. కల్యంపూడి రాధాకృష్ణారావు కనిపెట్టిన సూత్రాలు ప్రపంచమంతటా క్రామెర్-రావు, రావు-బ్లాక్‌వెల్ అన్న పేర్లతో పాఠాలయ్యాయి, కల్యంపూడి ఊసు లేకుండా. స్టాటిస్టిక్స్‌లో అంతటి మనిషికే ఇంటిపేరు లెక్కలోంచి జారిపోయింది!

తరం మారేకొద్దీ: ఇంటిపేర్ల బతుకు గురించి ఫ్రాన్సిస్ గాల్టన్ 1873లో ఒక ప్రశ్న వేశాడు. కొడుకులే ఇంటిపేరు నిలబెట్టేటట్లయితే, కొన్ని తరాలకు ఎన్ని ఇంటిపేర్లు అంతరిస్తాయి? హెన్రీ వాట్సన్ అనే పాదిరీ గణితంతో జవాబిచ్చాడు. మరుసటి ఏడు ఇద్దరూ కలిసి ప్రచురించారు. మగవాడికి సగటున ఒక్క కొడుకే అయితే ఏ ఇంటిపేరైనా ఏదో ఒకనాటికి ఆగిపోవలసిందే. సగటు ఒకటి దాటితే కొన్ని గట్టెక్కుతాయి. ఈ రెండో సంగతి వాట్సన్‌కు అందలేదు, తర్వాతివాళ్లు సరిదిద్దారు. ఏమైనా ఈ లెక్కలో ఇంటిపేరు పోవాలంటే మగసంతానం లేకపోవాలి. రిసాలిలో కొడుకులూ మనవలూ ఉండగానే పోతోంది.

పెరుగుతున్నారు: పుట్టుకల వల్ల మాత్రమే కాదు, కాగితాల వల్ల కూడా. ఒకరికొకరు ఏమీ కాని అనేక కుటుంబాలు వేరువేరు ఇంటిపేర్లతో బండి దిగి ఒకే రావు కింద చేరాయి. రావుల సంఖ్య ఎంత పెరిగితే ఆ పేరు చెప్పగలిగేది అంత తగ్గుతుంది. పెళ్లిమాటల దగ్గర ఇది బయటపడుతుంది. ఇంటిపేరు అడిగేదే ఒకే ఇంటివాళ్లు కాకుండా చూసుకోవడానికి. ‘రావు’ అని జవాబొస్తే పెద్దలకు పనికిరాదు. గోత్రం అడుగుతారు, తాతగారి ఊరడుగుతారు. కొరియాలోనూ ఇంతే. అక్కడ ఇంచుమించు అయిదుగురిలో ఒకరు కిమ్ కాబట్టి, వంశం పుట్టిన ఊరు చేర్చి గింహే కిమ్ అని విడదీస్తారు. పేరూ ఊరూ రెండూ కలిసినవాళ్లకు పెళ్లి నిషేధించిన చట్టాన్ని వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం 1997లో తప్పుపట్టింది.

ఇంటిపేరు ఒకటైతే చుట్టాలే అన్న ఈ ఊహను డార్విన్ కొడుకు జార్జి 1875లో తిరగేసి వాడాడు: ఒకే ఇంటిపేరున్న దంపతులను లెక్కించి ఇంగ్లండులో దగ్గర చుట్టాల పెళ్లిళ్లు ఎన్నో అంచనా కట్టాడు. ఆ పద్ధతి మనదగ్గర రెండువైపులా బెడుస్తుంది. మేనరికంలో ఇద్దరి ఇంటిపేర్లూ వేరు, కనుక అది లెక్కకే దొరకదు. రిసాలిలో రావు అమ్మాయి రావు అబ్బాయిని చేసుకుంటే, చుట్టరికం ఏమీ లేకపోయినా చుట్టాల కింద పడుతుంది.

ఎవరికైనా ఇంటిపేరు పోయి రావు మిగిలిన ఈ మార్పును కొలవాలనిపిస్తే ఓటర్ల జాబితా చాలు. అందులో ఓటరు పేరు పక్కనే తండ్రి పేరో భర్త పేరో ఉంటుంది, వయసూ ఉంటుంది. తండ్రి గడిలో పొడి అక్షరంతో అప్పారావు, కొడుకు గడిలో ఏ అక్షరమూ లేని రవి రావు: ఇలాంటి జంటలను వయసువారీగా పేర్చుకుంటూ పోతే, ఇంటిపేరు ఏ ఈడువాళ్లతో ఆగిందో తేలుతుంది.