జోర్ సాహెబు, మన ఇంటి భాష

బాన్సువాడ పరిసరాలలోని ముస్లిం కుటుంబాలలో ఇంట దక్కనీ వినిపిస్తుంది. బడిలో పిల్లలు చదివేది తెలుగు. "నక్కో", "హౌ", "కాయ్‌కూ" అనే మాటలు చెడిపోయిన ఉర్దూ అని తలదించుకునేవారు మనలోనే ఉన్నారు. ఈ అభిప్రాయం తప్పని చూపడానికి జీవితకాలం శ్రమించిన పండితుడు డాక్టర్ సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్.

హైదరాబాదువాసి అయిన జోర్ లండన్‌లో డాక్టరేటు పొందారు. పిదప పారిస్‌లో ధ్వనిశాస్త్రం అభ్యసించారు. ఆయన 'హిందుస్తానీ ఫొనెటిక్స్' 1930లో అక్కడే వెలువడింది. 1931లో హైదరాబాదులో మిత్రులతో కలిసి ఇదారా-యె-అదబియ్యాతె ఉర్దూ నెలకొల్పారు. చెదల పాలవుతున్న రాతప్రతులను సేకరించి, వాటి వివరాలను సంపుటాలుగా ప్రకటించారు. గోల్కొండ సుల్తాను ముహమ్మద్ ఖులీ కుతుబ్ షా కవిత్వాన్ని పరిష్కరించి 1940లో అచ్చువేయించారు.

ఆ సాహిత్యపు పటంలో బాన్సువాడ మారుమూల కాదు. దక్కనీలో మనకు దొరికిన తొలి మస్నవీ, 15వ శతాబ్దపు 'కదమ్‌రావ్ పదమ్‌రావ్', బహమనీల బీదరుకు చెందినది. బీదరు సీమను తడిపిన మంజీరయే నిజాంసాగరు మీదుగా మన వైపుకు వస్తుంది. భాషా అలాగే వచ్చింది, దారిలో ఇరుగుపొరుగు మాటలను కలుపుకుంటూ. "నక్కో" మరాఠీ సొత్తు. "ఆతూఁ బోల్‌కే బోలా" అన్నప్పుడు ఆ "బోల్‌కే" చేసే పని, "వస్తానని చెప్పాడు"లో మన "అని" చేసే పనే. దీన్ని లోపమనడం వ్యాకరణం తెలియక అనే మాట.

ఇదారా పరీక్షలు కూడా నిర్వహించి, కళాశాల మెట్లెక్కని ఎందరికో ఉర్దూ నేర్పింది. అయితే వాటిలో నేర్పినది ప్రధానంగా గ్రాంథిక ఉర్దూ. దక్కనీ పండితుల బీరువాలలోనే మిగిలిందని అనకతప్పదు.

బడి వదిలేసినదాన్ని సినిమా అందుకుంది, కాని నవ్వులకోసం. 1965లో 'గుమ్‌నామ్'లో మెహమూద్ నోట హైదరాబాదీ యాస హాస్యమైంది. 1974లో శ్యామ్ బెనెగల్ 'అంకుర్'లో అదే పలుకు పల్లెపేదల నోట వినిపించింది. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. జోర్ సాహెబు ఈ రెంటినీ చూడలేదు. 1962లోనే శ్రీనగర్‌లో కన్నుమూశారు.

ఆయన వెలికితీసిన గ్రంథాలు ఉర్దూ లిపిలో ఉన్నాయి. మన పిల్లలలో అనేకులకు వచ్చినది తెలుగు లిపి. ఖులీ కుతుబ్ షా పద్యాలు కొన్నింటిని తెలుగు అక్షరాలలో, అర్థంతో అచ్చువేస్తే, అందులోని కొన్ని మాటలకైనా బాన్సువాడ పిల్లవాడు నిఘంటువు వెతకనక్కరలేదు, నానీమాను అడిగితే చాలు.