వెనుక వెలుగే రక్ష
రాత్రివేళ సైకిలు ప్రయాణానికి దీపాల ఎంపిక, అమరిక

పామర్రు: విజయవాడ - మచిలీపట్నం రహదారి, గుడివాడ మీదుగా భీమవరం వైపు సాగే 165వ జాతీయ రహదారి కలిసేది పామర్రులోనే. లారీలు, బస్సులు తెల్లవార్లూ తిరిగే ఈ కూడలి చుట్టుపక్కల వేకువనే పాలక్యాన్లతో బయలుదేరేవారు, చేపల చెరువుల కాపలాకు వెళ్లేవారు, పొద్దుపోయాక పనుల నుంచి మళ్లే కూలీలు నేటికీ సైకిలునే నమ్ముకున్నారు. చాలా సైకిళ్లకు ముందూ వెనుకా దీపం కనిపించదు. కోతల కాలంలో రోడ్డు అంచున ధాన్యం ఆరబోస్తే సైకిలు నడిరోడ్డుకు జరగక తప్పదు. ధనుర్మాసపు పొగమంచు తోడైతే ముప్పు రెట్టింపే.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగుతుంది. డ్రైవరు చూసి బ్రేకుపై కాలు వేసేలోపే అంత దూరం కరిగిపోతుంది. లారీ ఆగేందుకు ఆపైన మరింత దూరం కావాలి. కనుక చేతిలోని సొమ్ము ఒక్క దీపానికే సరిపోతే ముందుగా వెనుక ఎర్రదీపం కొనడమే మేలు. కాలువగట్ల మీదుగా ఇల్లు చేరేవారికి మాత్రం గుంతలు చూపే ముందు దీపమూ అంతే అవసరం.

దీపం లేని సైకిలును పోలీసులు ఆపే రోజుల్లో డైనమోలదే రాజ్యం. టైరు పక్కన రాసుకుంటూ తిరిగే ఈ పరికరం సాధారణంగా 6 వోల్టులు, 3 వాట్ల విద్యుత్తు ఇస్తుంది. బ్యాటరీ ఖర్చు లేదు. అయితే తొక్కడం భారమవుతుంది, సైకిలు ఆగగానే దీపమూ ఆరుతుంది, తడి టైరుపై చక్రం జారుతుంది. బిగించేటప్పుడు డైనమో ఇరుసు సైకిలు చక్రపు నడిమధ్యకు గురిపెట్టి ఉండాలి. తీగ ఒక్కటే ఉన్న రకమైతే మరలు బిగించేచోట రంగు గీకాలి. ఇనుప చట్రమే రెండో తీగగా పనిచేస్తుంది కాబట్టి రంగు అడ్డుపడితే దీపం వెలగదు. కొత్త డైనమో పాడైందని దుకాణానికి తిరిగి తెచ్చేవారు ముందుగా ఈ సంగతి చూసుకోవాలి.

ఇప్పుడు ఛార్జింగు ఎల్‌ఈడీ దీపాలు వచ్చాయి. అట్టపెట్టెపై ముద్రించిన ల్యూమెన్ల అంకెను చూసి మోసపోరాదు. ఎన్ని గంటలు వెలుగుతుంది, వాన జల్లుకు తట్టుకుంటుందా అన్నవే చూడాలి. ‘ఐపీఎక్స్‌4’ గుర్తుంటే అన్ని వైపుల నుంచి పడే తుంపరలకు తట్టుకుంటుందని అర్థం. ముందు దీపాన్ని కొన్ని మీటర్ల దూరంలో నేలపై వెలుగు పడేలా కిందికి వంచాలి. నిటారుగా పెడితే ఎదుటివారి కళ్లు చెదురుతాయి. సెల్‌ఫోను టార్చి చేతపట్టి ఒంటిచేత్తో తొక్కడం అన్నింటికంటే ప్రమాదం. ఒక బ్రేకు అందకుండా పోతుంది.

మన ప్రాంతంలో అసలు చిక్కు బరువులతోనే. సీటు కింద బిగించిన ఎర్రదీపం గడ్డిమోపు ఎత్తగానే మరుగున పడుతుంది. పాలక్యాన్లదీ అదే తీరు. కనుక దీపాన్ని క్యారియరు చివరన గానీ, వెనుక మడ్‌గార్డు అంచున గానీ అమర్చాలి.

సైకిళ్ల రిఫ్లెక్టర్ల నాణ్యతపై కేంద్ర ప్రభుత్వం 2020లో ఉత్తర్వు జారీ చేసింది. అయితే వాహనపు వెలుగు పడితేనే రిఫ్లెక్టరు మెరుస్తుంది. అది దీపానికి తోడే తప్ప బదులు కాదు. చక్రాల ఊచలకు బిగించినవి కూడలిలో పక్క నుంచి వచ్చేవారికి కనిపిస్తాయి. పాత సైకిలుకు మెరిసే ఎర్ర టేపు అంటించినా కొంత ప్రయోజనమే.

బిగింపు పూర్తయ్యాక రోజూ మోసే బరువుతోనే సైకిలును చీకట్లో నిలిపి, 50 అడుగులు వెనక్కి నడిచి చూడాలి. దీపం కనిపించకుంటే చోటు మార్చాలి.