పీయూష గ్రంథి కణితి శస్త్రచికిత్సలో రక్తనాళాల రక్షణ

ముక్కు రంధ్రం గుండా ఎండోస్కోపును పంపి పీయూష గ్రంథిలోని కణితిని తొలగించేటప్పుడు, దాని చుట్టూ ఉన్న రక్తనాళాలకు గాయం కాకుండా వైద్యులు పలు జాగ్రత్తలు తీసుకొంటారు. ఈ రక్తనాళాలలో ముఖ్యమైనది మెదడుకు రక్తాన్ని చేరవేసే అంతర కెరోటిడ్ ధమని. దీనికి గాయం కావడం అరుదు; సాధారణంగా ఒక శాతం లోపు శస్త్రచికిత్సలలోనే జరుగుతుంది. అయితే ఆ గాయం పక్షవాతానికి, మరణానికి దారితీయవచ్చు.

చరిత్ర

1907లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నగరంలో హెర్మన్ ష్లోఫర్ ముక్కు మార్గంలో ఈ కణితిని తొలగించాడు. 1960లలో కెనడా వైద్యుడు జూల్స్ హార్డీ ఈ శస్త్రచికిత్సకు సూక్ష్మదర్శినిని జోడించాడు. 1990లలో ఎండోస్కోపు వాడుకలోకి వచ్చింది. ఇది ఎదుట ఉన్న భాగాన్నే కాక పక్కలను కూడా చూపుతుంది. అయితే సాధారణ ఎండోస్కోపు చిత్రంలో లోతు సరిగా తెలియదు.

నిర్మాణం

బఠానీ గింజంత ఉండే పీయూష గ్రంథి, స్ఫీనాయిడ్ ఎముకలోని సెల్లా టర్సికా అనే గుంటలో ఉంటుంది. దీనికి ఇరుపక్కలా కావెర్నస్ సైనస్ అనే సిరల కుహరాలు, వాటి లోపల కెరోటిడ్ ధమనులు ఉంటాయి. కొందరిలో ఈ రెండు ధమనులు మధ్యరేఖ వైపు వంగి, కొద్ది మిల్లీమీటర్ల ఎడంలోనే ఉంటాయి. మరికొందరిలో ధమనిని కప్పే ఎముక పొర అక్కడక్కడా లోపించి ఉంటుంది.

శస్త్రచికిత్సకు ముందు

సి.టి. స్కాన్ ఎముకల అమరికను, ఎమ్.ఆర్.ఐ. కణితికీ ధమనికీ గల సంబంధాన్ని చూపుతాయి. అవసరమైతే రక్తనాళాల చిత్రణ కూడా చేస్తారు. ఇదివరకే శస్త్రచికిత్స గాని, రేడియేషన్ గాని జరిగినవారిలో ప్రమాదం ఎక్కువ. ఆక్రోమెగలీ రోగులలో ధమని మెలికలు తిరిగి ఉండవచ్చు. రక్తాన్ని పలుచన చేసే మందులు వాడుతున్నట్లయితే ఆ సంగతి వైద్యునికి ముందే తెలపాలి.

శస్త్రచికిత్సలో జాగ్రత్తలు

* మధ్యరేఖను గుర్తించి, దానిని విడువకుండా సాగడం.
* స్ఫీనాయిడ్ కుహరంలోని అడ్డుగోడలను మెలితిప్పి విరవకపోవడం. కొన్ని గోడలు నేరుగా ధమనిపై ఉన్న ఎముకకు అంటుకొని ఉంటాయి. కనుక వాటిని కోసి గాని, అరగదీసి గాని తొలగిస్తారు.
* పొరను కోసే ముందు సూక్ష్మ డాప్లర్ పరికరంతో ధమని ధ్వనిని వినడం.
* నావిగేషన్ యంత్రంతో స్థానాన్ని సరిచూసుకోవడం.
* ధమనిని అంటిపెట్టుకొన్న కణితి ముక్కను బలవంతంగా లాగకపోవడం. అవసరమైతే దానిని వదిలివేసి, తరువాత మందులతోనో రేడియేషన్‌తోనో చికిత్స చేస్తారు.

గాయమైనప్పుడు

రక్తం వేగంగా చిమ్మి ఎండోస్కోపును కప్పివేస్తుంది. ఇద్దరు వైద్యులు కలిసి పనిచేస్తూ, ఒకరు రక్తాన్ని పీల్చివేస్తుండగా మరొకరు గాయంపై అదిమిపెడతారు. రోగి శరీరం నుండే తీసి నలిపిన కండర ముక్క రక్తాన్ని ఆపడంలో బాగా ఉపయోగపడుతుంది. వెంటనే యాంజియోగ్రామ్ తీసి, అవసరాన్ని బట్టి స్టెంట్ అమర్చడమో ధమనిని మూసివేయడమో చేస్తారు. ధమని గోడ తరువాత ఉబ్బి మళ్ళీ పగిలే వీలున్నందున, కొంత కాలానికి తిరిగి పరీక్షించడం తప్పనిసరి.

ఇంటికి వెళ్ళిన తరువాత

కలకడ, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల ప్రజలకు న్యూరోసర్జరీ విభాగాలున్న పెద్ద సంస్థలు తిరుపతిలోని స్విమ్స్, వేలూరులోని సి.ఎమ్.సి., బెంగళూరులోని నిమ్హాన్స్. భారతదేశంలో తొలి న్యూరోసర్జరీ విభాగాన్ని 1949లో జేకబ్ చాందీ వేలూరులోనే ప్రారంభించాడు. ఈ సంస్థలు దూరాన ఉన్నందున, ఇంటికి చేరిన రోగి ఒక విషయం గుర్తుంచుకోవాలి. ముక్కులోని చిన్న ధమని నుండి రెండు, మూడు వారాల తరువాత కూడా రక్తం కారవచ్చు. రక్తం ధారగా కారినా, ఆగి మళ్ళీ మొదలైనా ఇంటి వైద్యంతో కాలయాపన చేయరాదు. ముందుగా దగ్గరి ఆసుపత్రికి వెళ్ళి, శస్త్రచికిత్స జరిగిన సంగతి చెప్పి, చేసిన వైద్యులకు తెలియజేయాలి.