దంపతుల ఋణము, దాచిన మాట

నేడు భార్యాభర్తలు కలసి ఇల్లు కొనదలచి బ్యాంకునకు పోయినచో, అచ్చట ఇరువురి జీతములను కూడి ఋణపరిమితిని నిర్ణయింతురు. తనఖా పత్రముపై ఇరువురిచేతను చేవ్రాళ్లు పెట్టింతురు. ఇరువది సంవత్సరములపాటు ఆ ఋణము ఆ దంపతులతో కూడ కాపురముండును. అయితే ఆ చేవ్రాలు పెట్టునాటికి భర్త బాకీలు భార్యకును, భార్య బాకీలు భర్తకును తెలిసియుండునా? ఈ ప్రశ్న క్రొత్తదిగా తోచును గాని దీని చరిత్ర మిక్కిలి ప్రాతది.

యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున ఈ విషయము స్పష్టముగా విచారింపబడినది. భర్త చేసిన అప్పు భార్యయు, భార్య చేసిన అప్పు భర్తయు తీర్పనక్కఱలేదు. కుటుంబము కొఱకు చేసినదైనచో ఆ మాట వేఱు. గొల్లలు, మద్యము నమ్ముకొనువారు, నటులు, చాకలులు, వేటకాండ్రు మొదలగువారి భార్యలు చేసిన అప్పులను మాత్రము భర్తలే తీర్పవలెను. ఏలయన ఆ కుటుంబముల జీవనము ఆ స్త్రీల శ్రమమీద ఆధారపడియున్నది. ఇక భార్య తీర్పవలసిన ఋణములు మూడే: తాను ఒప్పుకొన్నది, భర్తతో కలసి చేసినది, తానుగా చేసినది. విజ్ఞానేశ్వరుడు తన మితాక్షరలో వ్యాఖ్యానించిన ఈ ధర్మమును పదుమూడవ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగు చేసెను. కావున ఇది మనవారికి తెలియని శాస్త్రము కాదు.

ఇందు రెండు సంగతులు గమనింపదగియున్నవి. మొదటిది, భర్తతో కలసి చేసిన ఋణమను మాట. నేటి ఉమ్మడి గృహఋణమునకు ఇదియే పూర్వరూపము. రెండవది, ఒప్పుకొన్నదను మాట. తెలియనిదానిని ఎవరును ఒప్పుకొనజాలరు. కుటుంబము కొఱకు చేసినదా, జూదమునకు, త్రాగుడునకు చేసినదా యని అడుగనిదే ఋణము యొక్క స్వభావము తేలదు. ఆ ప్రశ్న అడుగవలెనన్న ఋణమున్నదని ముందు తెలియవలెను గదా.

శాస్త్రమిట్లుండగా ఆచారము వేఱు త్రోవ త్రొక్కెను. స్త్రీధనమును భర్త కఱవునందును, ధర్మకార్యమునకును, వ్యాధియందును, తాను నిర్బంధింపబడినపుడును వాడుకొనినచో తిరిగి యీయనక్కఱలేదని స్మృతి చెప్పినది. తక్కిన వేళల తీసికొనిన సొమ్ము భార్యకు మరల చేరవలసినదే. కాని భార్య నగలు ఆమెతో ఒక మాటయైనను చెప్పకయే తాకట్టుకు పోయిన యిండ్లెన్ని లేవు! ఉమ్మడి కుటుంబమున లెక్కలన్నియు యజమాని చేతిలోనే యుండెడివి. విభాగకాలమున ఉన్న ఆస్తిని చూపినచో చాలును; మోసము ఋజువు కానియెడల గడచిన వ్యయములకు అతడు జవాబు చెప్పనక్కఱలేదు. పురుషులకే జవాబు లేని చోట ఆడువారికి లెక్క చెప్పువారెవరు? అప్పు సంగతి ఆడువారికేల యను మాట ఈ యలవాటునుండి పుట్టినదే. 1985లో సుప్రీంకోర్టు, స్త్రీధనమునకు భార్యయే సంపూర్ణ స్వామినియనియు, అది అత్తవారియింట నున్నంతమాత్రమున వారిది కాదనియు తీర్పు చెప్పవలసివచ్చెను.

ఇంగ్లండుదేశపు స్థితియు ఘనమైనదేమి కాదు. 1870, 1882 సంవత్సరముల చట్టములు వచ్చువఱకు అచ్చటి వివాహిత స్త్రీకి తన ఆస్తిమీదనే సరియైన స్వాతంత్ర్యము లేకుండెను. మనదేశమున 1937 నాటి చట్టము హిందూ వితంతువునకు పరిమితమైన హక్కునిచ్చెను; 1956 నాటి హిందూ వారసత్వపు చట్టము స్త్రీకి చెందిన ఆస్తిని సంపూర్ణముగా ఆమెదే చేసెను. ఇట్లు స్త్రీ స్వామిని యయ్యెను. అమ్ముటకును తనఖా పెట్టుటకును అధికారము కలిగెను. హక్కు వెంట బరువును వచ్చెను. 1872 నాటి ఒప్పందముల చట్టము 43వ సెక్షను ప్రకారము, కలసి వాగ్దానము చేసినవారిలో ఏ యొక్కరినుండి యైనను ఋణదాత మొత్తము రాబట్టుకొనవచ్చును. తీర్చినవారు రెండవవారి వాటాను వారినుండి వసూలు చేసికొనవచ్చునట! ఒకే కుండలోని కూడు తినువారు ఎవరినుండి ఏమి వసూలు చేసికొందురు?

ఆ చట్టమందే 17వ సెక్షనున ఒక చక్కని యుదాహరణము కలదు. మాటాడవలసిన విధి లేనిచోట ఊరకుండుట మాత్రమే మోసము కాదు. లోపమున్న గుఱ్ఱమును అమ్మువాడు కొనువానితో ఆ లోపమును చెప్పకుండుట మోసము కాకపోవచ్చును. కాని కొనునది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన తన కూతురైనచో, ఆ సంబంధమే తండ్రికి చెప్పవలసిన విధిని కలిగించును. నమ్మకమున్నచోట మౌనము నిర్దోషము కాదని దీని తాత్పర్యము. తండ్రీకూతుల నడుమ గుఱ్ఱమునకే ఇంత విధి యున్నచో, ఆలుమగల నడుమ ఇరువది యేండ్ల ఋణమునకు ఎంత విధి యుండవలెను?

ఇంగ్లండులో 1993లో ప్రభుసభ యెదుటికి ఒక వ్యాజ్యము వచ్చెను. ఒక భర్త తన వ్యాపారపు బాకీకై ఇంటిని తనఖా పెట్టుచు, అది 60,000 పౌనులకే పరిమితమనియు, మూడు వారములకే యనియు భార్యతో చెప్పెను. నిజమైన ఋణపరిమితి 1,35,000 పౌనులు. ఆమె పత్రమును చదువకయే చేవ్రాలు చేసెను. న్యాయాధిపతులు ఆమె పక్షముననే తీర్పు చెప్పిరి. 2001లో అదే సభ, భర్త బాకీకి భార్య పూచీపడునపుడు భర్త లేనిచోట న్యాయవాది ఆమెకు పత్రార్థమును వివరించునట్లు బ్యాంకు చూడవలెనని నియమమేర్పఱచెను. అనగా భర్త ఇంటిలో చెప్పవలసిన మాటను చెప్పుటకు పరాయివానిని నియమింపవలసివచ్చినది!

తప్పు పురుషులదే యనుట న్యాయము కాదు. పుట్టింటి యవసరమునకు నగలు కుదువబెట్టి భర్తకు చెప్పని స్త్రీలును కలరు. తల్లిదండ్రులకు ధనసహాయము చేయుట దోషము కాదు, దాచుటయే దోషము. సిగ్గుచేతనో, కలహభయముచేతనో దాచిన మాట కిస్తీరూపమున బయటపడక మానదు. భర్త జీతము 60,000 రూపాయలు, భార్య జీతము 40,000 అనుకొందము. ఇంటి ఋణపు కిస్తి 45,000, సంసారవ్యయము 35,000 పోగా 20,000 మిగులునని భార్య లెక్క. వడ్డీవ్యాపారికి భర్త వ్రాసియిచ్చిన ప్రోనోటు మీద నెలకు 15,000, మిత్రునకు హామీ నిలిచిన పాపమునకు 10,000 చెల్లింపవలసియున్నచో, మొదటి నెలనుండియే 5,000 లోటు. దరఖాస్తులో ఆ బాకీలు లేవని వ్రాసినచో, తెలియక చేవ్రాలు చేసిన భార్యయు ఆ యసత్యమునకు సాక్షి యగుచున్నది.

ఋణచరిత్రలను సేకరించు సంస్థలకై 2005లో చట్టము వచ్చినది. నేడు బ్యాంకు ఆ నివేదికలను చూచియే ఋణమిచ్చును. భార్యకు తెలియని భర్త బాకీ బ్యాంకు గుమాస్తాకు తెలియుట ఎంత విపరీతము! ఆ నివేదికను ఎవరిది వారు సంవత్సరమున కొకసారి ఉచితముగా పొందవచ్చును. దరఖాస్తునకు ముందు ఇరువురును దానిని తెప్పించి ఒకరికొకరు చూపుకొనవలెను. చేబదుళ్లు, ప్రోనోట్లు అందు కానరావు. వానిని నోటితోనే చెప్పవలెను. నిలిచిన హామీలను, పాడిన చీటీలను, కన్నవారికి పంపు సొమ్మును ఒక కాగితముపై వ్రాసికొనవలెను. ఇది అనుమానము కాదు. వివాహమందు ధర్మార్థకామములలో ఒకరినొకరు అతిక్రమింపమని చేసిన ప్రమాణములోని అర్థమును కార్యమున చూపుటయే యిది.

ఈ చరిత్రయంతయు చూడగా ఒక్క సంగతి తేటపడుచున్నది. చట్టము ఎప్పుడును ఇల్లు వేలమునకు వచ్చిన తరువాతనే వచ్చినది. స్త్రీకి చేవ్రాలు చేయు హక్కు రావలెనని మన సంస్కర్తలు పోరాడిరి, అది వచ్చినది. ఆ చేవ్రాలునకు ముందు పత్రమును చదువు హక్కును, బాకీలను తెలిసికొను హక్కును ఏ శాసనసభయు ఇంటిలోనికి వచ్చి ఈయజాలదు. వానిని దంపతులు ఒకరికొకరు ఇచ్చుకొనవలసినదే.