వెదురు పూసిన ఏడు

వెదురు పూస్తే కరువు తప్పదని మా అవ్వ అంటుంది. మాది చిత్తూరు జిల్లా నుంచి వర్తూరుకు వచ్చిన మేదరి కుటుంబం. గంపలు, చేటలు, తడికలు అల్లడం మా వాళ్ల పని. అవ్వ కూడా వెదురు పూయడం కళ్లారా చూడలేదు, వాళ్ల అమ్మ చెప్పగా విన్నదే. ఆ మాట ఎంతవరకు నిజమో చరిత్రలో చూద్దాం అనిపించింది.

వెదురు చెట్టు కాదు, గడ్డి. వరికి, రాగికి, చెరకుకు చుట్టం. వరి ఏటా పూస్తుంది. మన అడవుల్లోని ముళ్ల వెదురు మాత్రం సుమారు 40 ఏళ్లు ఆగి ఒకే ఒక్కసారి పూస్తుంది. ఒక ప్రాంతంలోని పొదలన్నీ దాదాపు కలిసే పూసి, గింజలు రాల్చి, ఎండిపోతాయి. ఇలా కలిసి పూయడానికి శాస్త్రవేత్తలు చెప్పే కారణం నాకు బాగా నచ్చింది. ఒకేసారి అన్ని గింజలు రాలితే ఎలుకలు, అడవికోళ్లు, పక్షులు ఎంత తిన్నా కొన్ని మిగిలి మొలకెత్తుతాయట. ఆ గింజలనే వెదురు బియ్యం అంటారు. అన్నం వండుకోవచ్చు.

1864లో మన కర్ణాటకలోనే, ఇప్పటి ఉత్తర కన్నడ జిల్లా సూపా అడవుల్లో వెదురు పూసింది. ధార్వాడ, బెళగావి వైపు నుంచి సుమారు 50,000 మంది గింజలు ఏరుకోవడానికి వచ్చారని అప్పటి ఇంగ్లీషు వాళ్లు రాసిపెట్టారు. అప్పుడు బస్సులా, రైళ్లా! ఒక్కో గుంపు పది, పద్నాలుగు రోజులు అక్కడే ఉండి, వానాకాలమంతా తినడానికి సరిపడా గింజలు తీసుకెళ్లింది. అమ్ముకోవడానికి కూడా కొన్ని మిగిలినాయి. అంటే ఇక్కడ పూత కరువు తేలేదు, కడుపు నింపింది.

అయితే అవ్వ మాట అబద్ధమా? మిజోరం సంగతి చదివితే అలా అనలేం. అక్కడి ఒక రకం వెదురు సుమారు 48 ఏళ్లకు పూస్తుంది. ఆ కాలాన్ని వాళ్లు మౌతాం అంటారు, వెదురు చావు అని అర్థం. గింజలు తిని ఎలుకలు విపరీతంగా పెరుగుతాయి. గింజలు అయిపోగానే వరి చేల మీద, గాదెల మీద పడతాయి. 1958-59లో అలాగే కరువు వచ్చింది. మిజో పెద్దలు ముందే హెచ్చరించినా అప్పటి అస్సాం ప్రభుత్వం పెద్దగా పట్టించుకోలేదు. కరువు సాయం కోసం లాల్‌డెంగా నడిపిన సంఘమే 1961లో రాజకీయ పార్టీ అయింది, 1966లో తిరుగుబాటు చేసింది. 1986లో ఒప్పందం జరిగేదాకా శాంతి లేదు. ఎలుకలతో మొదలైన కథ ఇరవై ఏళ్ల పోరాటం దాకా పోయింది! నా ఉద్దేశంలో ఎలుకల కంటే ఆ పట్టించుకోకపోవడమే పెద్ద కారణం.

జంతువులకు కష్టం పూత తర్వాత మొదలవుతుంది. బండీపుర, నాగరహొళె అడవుల్లో ఏనుగులకు వెదురు ఇష్టమైన మేత. పొదలు చచ్చిపోతే ఆ మేత పోతుంది, ఎండిన గడలకు వేసవిలో నిప్పు తొందరగా అంటుకుంటుంది. కొత్త మొలకలు పెద్ద పొదలు కావడానికి చాలా ఏళ్లు పడుతుంది. అల్లేవాళ్లకూ అన్నేళ్లు వెదురు దొరకదు.

కానీ మా మేదర్లకు వెదురు లేకుండా పోయింది పూత వల్లనే కాదు. 1950లలో సూపాకు దగ్గరగా దాండేలిలో పేపర్ మిల్లు పెట్టారు. ప్రభుత్వం దానికి అడవి వెదురు టన్ను రూపాయిన్నరకు ఇచ్చింది. బజారులో బుట్టలు అల్లేవాళ్లు కొనే ధర దానికి వందల రెట్లు. 1970లలో మేదర్లు వెదురు దొరకడం లేదని మొర పెట్టుకుంటే, మాధవ్ గాడ్గీళ్ అనే పర్యావరణ శాస్త్రవేత్తతో ప్రభుత్వం పరిశీలన చేయించింది. పొద మొదట్లో ఉండే ముళ్లను 'శుభ్రం' పేరుతో కొట్టేయడం వల్ల పశువులు లేత మొలకలను తినేస్తున్నాయని ఊరివాళ్లు ఆయనకు చెప్పారు. కొలిచి చూస్తే వాళ్లు చెప్పిందే నిజమైంది.

మా తాత ఊరు వదిలి బెంగళూరుకు వచ్చింది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. ఇక్కడ బంబూ బజారులో వెదురు దొరికేది, కానీ ప్రతి గడకూ డబ్బు పెట్టాల్సి వచ్చేది.