అసెంబ్లీ ప్రోగ్రాముల్లో తప్పుల వేట

1978లో ఇంటెల్ 8086 వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో ఆ ప్రాసెసర్ అసెంబ్లీ భాష ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రయోగశాల పాఠమైంది.

పేరు, రోల్ నంబరు, మార్కులు కలిసిన విద్యార్థి రికార్డును చదివి తెరమీద చూపడంలోనే అసలు పరీక్ష. డాస్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో కీబోర్డు నుంచి చదివే 10వ సేవ నింపే బఫర్లో మొదటి బైటు పరిమితి, రెండోది కొట్టిన అక్షరాల సంఖ్య. పేరు మూడో బైటు నుంచే. ఇది మరిస్తే పేరు ముందు వింత గుర్తులు పడతాయి. తెరమీద చూపే 9వ సేవకు పాఠం చివర డాలర్ గుర్తు కావాలి, లేకుంటే ముద్రణ పక్క ఫీల్డులోకీ పోతుంది. మార్కుగా 5 కొడితే చేరేది ఆ అక్షరపు ఆస్కీ కోడ్ 53. అందులోంచి 48 తీసివేయకపోతే మొత్తాలన్నీ తప్పుతాయి.

ఈ లోపాలను పట్టిచ్చింది టిమ్ ప్యాటర్సన్ రాసిన డాస్ సాధనం డీబగ్. దాని డి ఆదేశం మెమరీని చూపుతుంది, టి ఒక్కో సూచననే నడుపుతుంది. రికార్డు బైట్లను కళ్లకు కట్టినట్టు చూపడంలో దానికి మించిన గురువు లేదు. 64-బిట్ విండోస్‌లో డీబగ్ లేదు. నేటి విద్యార్థులు దాన్ని డాస్‌బాక్స్ ఎమ్యులేటర్‌లో నడుపుతున్నారు.