ఇద్దరు వైద్యులు, ఒక కూజామొక్క

ఉత్తర అమెరికా బురదనేలల్లో పెరిగే కూజామొక్కను 1700 ప్రాంతంలో క్యూబెక్‌లోని రాజవైద్యుడు మిషెల్ సరజాఁ పారిస్‌కు పంపాడు. 'సరసీనియా' అన్న నామం ఆయన పేరునుంచే వచ్చింది. కూజాలోని నీరు దప్పిగొన్న పిట్టల కోసమని లినేయస్ తలచాడు. 1870లలో దక్షిణ కరోలినా వైద్యుడు మెలిచాంప్ ఇదే ప్రజాతికి చెందిన మరో మొక్కను పరిశీలించి, కీటకాలను కూజా నోటివరకూ నడిపించే తేనెబాటనూ, లోపలి ద్రవంలో మాంసం త్వరగా కుళ్ళడాన్నీ గుర్తించాడు. 1874లో హుకర్ బెల్‌ఫాస్ట్ సభలో ఆ పరిశీలనలను వివరించాడు.

నత్రజని కరువైన నేలలో కీటకాలే దీనికి ఎరువు. తోటలో పెంచాలన్నా పీట్, ఇసుక కలిపిన తడి మడి, వాననీరు, నిండు ఎండ చాలు. ఎరువు వేస్తే వేళ్ళు దెబ్బతింటాయి. సేద్యానికని బురదనేలల నీటిని కాలువలు తీసి పోగొట్టిన చోట్ల ఈ మొక్క కనుమరుగైంది. మనిషి దృష్టిలో బాగుపడిన నేల దానికి నిలువ నీడ లేని నేల.